మైపాడు ఉప్పుగాలిలో ఆరేళ్ల ఎయిర్ రైఫిల్

2019లో కొన్నాను. 0.177 క్యాలిబర్, అంటే 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ (చిన్న సీసపు గుండు) పట్టేది. గొట్టం మడిచి స్ప్రింగ్ ఎక్కించే రకం, దేశీ తయారీ. కంపెనీ పేరు చెప్పను. పడ్డ తిప్పల్లో ముప్పాతిక వంతు నా చేతులారా తెచ్చుకున్నవే. 20 జూల్స్ లోపు శక్తి ఉన్న ఈ రకానికి ఆయుధ లైసెన్స్ అక్కర్లేదు, గుర్తింపు కార్డు చూపిస్తే ఇచ్చారు.

మా ఇల్లు ఇందుకూరుపేట నుంచి మైపాడు పోయే దారిలో ఉంది. పెరట్లో పది మీటర్లు కొలిచి, ప్రహరీకి ఆనించి ఇసుక బస్తాలు పేర్చి, ముందు కాగితం టార్గెట్ పెట్టుకుంటాను. అటు మనుషులు తిరిగే దారి లేదు. పక్క రొయ్యల గుంట బావ మొదటి వారమే వచ్చి, "ఒకసారి ఇయ్యి బావా, నీటికాకులు రొయ్యల్ని బతకనీయడం లేదు" అన్నాడు. పక్షుల్ని కొడితే 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద కేసు అవుతుందని చెప్పి పంపాను. రెండు నెలలు సరిగ్గా పలకలేదు.

ఇక నా తెలివితక్కువతనం. కొన్న కొత్తలో గాలి బయటికొచ్చే రంధ్రంలో నాలుగు చుక్కలు కుట్టుమిషన్ నూనె పోశాను. ఇనుప సామాను కదా, నూనె పడితే మంచిదే అనుకున్నా. మరుసటి షాట్‌కు టపాకాయ పేలినట్టు మోత, గొట్టంలోంచి పొగ. పవర్ పెరిగిందని మురిసిపోయి ఇంకో రెండుసార్లు పోశాను. అసలు జరిగింది వేరు. పిస్టన్ దూసుకొచ్చి గాలిని నొక్కినప్పుడు ఆ గాలి బాగా వేడెక్కుతుంది, దానికి నూనె అంటుకుంటుంది. గుంట గట్టున డీజిల్ ఇంజన్ ఎట్లా మండుతుందో ఇదీ అంతే. నెల తిరిగేసరికి పిస్టన్ సీల్ (పిస్టన్ చుట్టూ గాలి కారకుండా ఆపేది) పాడై, పెల్లెట్లు రెండంగుళాలు కిందికి తగలడం మొదలైంది. చెన్నైలో ఒక షాపులో సీల్ మార్పించాను, మూడు వారాలు పట్టింది. అప్పటి నుంచి నూనె అంటే గొట్టం మడిచే కీలుకు ఒక్క చుక్క, పైన ఇనుముకు తుడుపు, అంతే.

స్ప్రింగ్ నేనే మారుద్దామని వీడియోలు చూశాను కానీ ధైర్యం చాలలేదు. గొట్టం మడవకపోయినా లోపల స్ప్రింగ్ కొంత నొక్కుకునే ఉంటుంది. నొక్కి పట్టే బిగింపు లేకుండా వెనక పిన్ను తీస్తే ముఖం మీదికి వస్తుంది. ఆ పని షాపుకే వదిలేశాను, రెండో స్ప్రింగ్ కూడా వాళ్లే వేశారు. ట్రిగ్గర్ మాత్రం కెలికాను. తేలిక చేద్దామని స్క్రూ తిప్పుతూ పోతే ఒకరోజు వేలు ఆనీ ఆనక ముందే పేలింది. ఎదురుగా ఉన్నది ఇసుక బస్తా కాబట్టి సరిపోయింది. వెంటనే మళ్లీ పాత బరువుకు తెచ్చేశాను.

నిజంగా పనికొచ్చిన ట్యూనింగ్ చెప్పమంటే స్క్రూడ్రైవర్ ఒక్కటే చూపిస్తాను. రెండో ఏడాది రూపాయి బిళ్లంత ఉండే గ్రూప్, అంటే వరసగా కాల్చిన పెల్లెట్లన్నీ పడ్డ మేర, నిమ్మకాయంత అయింది. పెల్లెట్లు మార్చాను, గొట్టం తుడిచాను, నా కళ్లను కూడా అనుమానించి చెక్ చేయించుకున్నాను. చివరికి చూస్తే రైఫిల్‌ను చెక్కకు బిగించే స్క్రూల్లో ముందువైపువి రెండూ అర చుట్టు వదులయ్యాయి. స్ప్రింగ్ రైఫిల్ వెనక్కీ ముందుకీ రెండు వైపులా తంతుంది, ఆ అదురుకు మెల్లగా వదులవుతాయి. ఇప్పుడు ప్రతి ఆదివారం మొదలుపెట్టే ముందు చూసుకుంటాను. మొదట్లో కొన్న మామూలు స్కోప్ (గురి చూసే దుర్బీను) కూడా ఆ తన్నుకే నాలుగు నెలల్లో లోపలి గీతలు పక్కకు తిరిగి పోయింది. మళ్లీ గొట్టం మీదుండే ఇనుప సైట్లతో గురి చూడ్డానికే వచ్చాను. పది మీటర్లకు అవి చాలు.

పట్టు కూడా అంతే. గట్టిగా బిగించి పట్టుకుంటే గ్రూప్ చెదిరిపోతుంది. ఎడమ అరచేతిలో కోడిపిల్లను పెట్టుకున్నట్టు వదులుగా ఆనించాలి. ఇది ఒంటబట్టడానికి నాకు ఏడాది పట్టింది.

పెల్లెట్లు నాలుగు రకాలు వాడాను. నా రైఫిల్‌కు నచ్చింది గుండ్రటి తలది, అర గ్రాము బరువు ఉంటుంది. మొన తేలినవి చూడ్డానికే బాగున్నాయి. డబ్బా తెరిచాక వెనక అంచు నలిగినవి ఏరి పక్కన పడేస్తాను. సీసం కాబట్టి చేతులు కడుక్కోకుండా టిఫిన్ ముట్టొద్దు, ఇంట్లో ఇది గట్టి రూల్.

గొట్టం శుభ్రం చేయడానికి రాడ్ కొనలేదు. చేపల గాలానికి వాడే లావుపాటి నైలాన్ తీగకు పాత లుంగీ గుడ్డ ముక్క కట్టి, వెనక నుంచి ముందుకు లాగుతాను. మొదట్లో వారం వారం చేసేవాణ్ణి. తుడిచిన ప్రతిసారీ ఇరవై షాట్ల దాకా కుదురుకునేది కాదు. ఇప్పుడు గ్రూప్ చెదిరితేనే.

ఇక్కడ అసలు శత్రువు ఉప్పుగాలి. నవంబర్ వానల్లో రెగ్జిన్ కవర్‌లో పెట్టి జిప్పు వేసి మరిచిపోయాను. సంక్రాంతికి తీస్తే గొట్టం మీద కుంకుమ చల్లినట్టు తుప్పు. కవర్ లోపలి స్పాంజి తేమ పట్టి ఉంచింది. రుద్దితే పోయింది కానీ నల్లరంగు కూడా దాంతోపాటే పోయింది, ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. ఇప్పుడు నూనె గుడ్డతో తుడిచి, గొట్టం మడవకుండా, పెల్లెట్ లేకుండా, తాళం వేసిన చెక్క బీరువాలో నిలబెడతాను.

పోయిన నెల షాట్ కొంచెం మెత్తబడినట్టు అనిపించింది. గొట్టం మడిచే చోట పల్చటి టిష్యూ ముక్క పెట్టి కాల్చాను, అది ఎగిరింది. గాలి కారుతోంది. సైజు కొలుచుకుని రబ్బరు రింగు మార్చాను, పది నిమిషాల పని. బావ పక్కనే నిలబడి చూశాడు. తర్వాత ఐదు పెల్లెట్లు అడిగి తీసుకుని, నాలుగు నల్ల వృత్తంలో పెట్టి, రైఫిల్ నా చేతికిచ్చి గుంట గట్టుకు పోయాడు.