పాలమూరు జొన్నరొట్టెల మెస్సు: పప్పుకు మార్కులు, పెరుగుకు కోత

మహబూబ్‌నగర్‌ బస్టాండుకు దగ్గరలోని ఈ శాకాహార మెస్సులో భోజనమంటే రెండు జొన్నరొట్టెలు, ముద్దగా వండిన కందిపప్పు, రోజుకొక గింజకూర. అనుములో, బొబ్బెర్లో, ఉలవలో, ఏవైనా రాత్రే నానబెట్టి ఉడికిస్తారు కనుక వేళ్ల మధ్య నలిపితే మెత్తగా విడిపోతాయి. వెల్లుల్లికారం ఘాటు మాత్రం నాకు కొంచెం ఎక్కువే. భారత వైద్య పరిశోధన మండలి సిఫారసు ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్‌ కావాలి, అంటే 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. 100 గ్రాముల ఉడకని కందిపప్పులో 20 గ్రాములకు పైగా ఉన్నప్పటికీ, చాలా హోటళ్లు పోసే నీళ్లపప్పుతో అది అందదు కాబట్టి, ఇక్కడి చిక్కదనానికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. జొన్నలో తక్కువగా ఉండే లైసిన్‌ అనే ప్రోటీన్‌ భాగాన్ని కూడా ఈ పప్పే భర్తీ చేస్తుంది. పెరుగు మాత్రం మజ్జిగను తలపిస్తుంది. గడ్డపెరుగు కావాలంటే విడిగా డబ్బులు కట్టాలి.