మేరీ ఫోర్డ్ గొంతు కోసం: లెస్ పాల్ జంట నాలుగు సీడీల సంకలనం

అమెరికన్ గిటారిస్టు లెస్ పాల్, ఆయన భార్య, గాయని మేరీ ఫోర్డ్ జంట రికార్డుల గురించి రాసేవారిలో ఎక్కువమంది గిటారు దగ్గరే ఆగిపోతారు. లెస్ పాల్ పేరుతో గిటారే ఉంది, ఒక శబ్దం మీద మరో శబ్దాన్ని పేర్చి రికార్డు చేసే పద్ధతికి దారి వేసినవారిలో ఒకరన్న కీర్తీ ఉంది కాబట్టి అది సహజమే. క్యాపిటల్ రికార్డుల సంస్థ 1991లో వెలువరించిన నాలుగు సీడీల సంకలనం నా దగ్గర చాలా ఏళ్లుగా ఉంది. వినగా వినగా నా మనసు గిటారు మీది నుంచి మేరీ గొంతు మీదికి మళ్లింది. ఆ ఒక్క గొంతు మూడు నాలుగు గొంతులుగా విడిపోయి, తనతో తాను కలిసి పాడే తీరు నాకు ఎంత ఇష్టమో చెప్పడానికే ఈ సమీక్ష.

నేను చిన్నప్పటి నుంచి విన్నది కర్ణాటక సంగీతం, పాత సినిమా పాటలు. ఒకే స్వరమార్గాన్ని పట్టుకుని, గమకాల్లో దాని అందాన్ని వెతుక్కోవడం అలవాటైన చెవి ఇది. నలుగురు గాయకులు ఒకేసారి నాలుగు వేర్వేరు స్వరాల మీద నడిచే పాశ్చాత్య బృందగానం వింటే, ఎవరి వెంట వెళ్లాలో తెలియక చాలాకాలం ఇబ్బంది పడ్డాను. మేరీ ఫోర్డ్ పాటల్లో ఆ ఇబ్బంది కలగలేదు. పై స్వరం పాడేదీ ఆమే, కింది స్వరం పాడేదీ ఆమే కావడంతో నాదం ఒక్కటిగానే ఉంటుంది, స్వరాలు మాత్రం వేరవుతాయి. ఊపిరి తీసుకునే చోటు, మాటను విరిచే తీరు, చివరి అక్షరాన్ని వదిలే నెమ్మది అన్ని వరుసల్లోనూ సరిగ్గా కలుస్తాయి. ముగ్గురు అక్కచెల్లెళ్లు కలిసి పాడినా ఇంతటి ఏకత్వం రావడం కష్టమని నా నమ్మకం. హార్మనీ అంటే ఏమిటో పుస్తకాలు చదివి గ్రహించలేకపోయిన నాకు అది ఈ పాటలతోనే బోధపడింది.

ఆ రోజుల్లో ఇది ఎంత కష్టమైన పనో తెలిస్తే ఆ గొంతు మీద గౌరవం ఇంకా పెరుగుతుంది. లెస్ పాల్ మొదట్లో ఒక డిస్కు మీది నుంచి మరో డిస్కు మీదికి ఎక్కిస్తూ రికార్డు చేసేవాడు. 1948లో వచ్చిన 'లవర్' ఆ పద్ధతిలో చేసిందే. తరువాత గాయకుడు బింగ్ క్రాస్బీ ఆయనకు ఆంపెక్స్ టేపు యంత్రం ఒకటి ఇచ్చాడు. దానికి లెస్ పాల్ అదనంగా ఒక హెడ్ (టేపు మీది శబ్దాన్ని చదివే భాగం) అమర్చుకున్నాడు. టేపు మీది పాత శబ్దం చెరిగిపోయే ముందే ఆ హెడ్ దాన్ని చదువుతుంది. అప్పుడే పాడుతున్న కొత్త గొంతుతో కలిసి అది మళ్లీ అదే టేపు మీదికి ఎక్కుతుంది. పాతది విడిగా ఎక్కడా మిగలదు. ఏడో వరుసలో ఒక్క మాట తడబడితే అంతకు ముందు పాడిన ఆరు వరుసలూ పోయినట్టే, మళ్లీ మొదటి నుంచి పాడుకు రావాలి. అలాంటి పరిస్థితిలో, అప్పటికే టేపులో ఉన్న తన గొంతును హెడ్‌ఫోన్లలో వింటూ, దాని పక్కన శ్రుతి చెదరకుండా మరో వరుస పాడేది మేరీ. వింటున్నప్పుడు ఆ శ్రమ ఎక్కడా తెలియదు. మాట్లాడుకుంటున్నంత తేలికగా పాడుతున్నట్టే ఉంటుంది.

ఈ సంకలనాన్ని నేను నిజంగా వినడం మొదలుపెట్టింది మాత్రం మా ఇంటి యాంప్లిఫయరు చెడిపోయిన తరువాతే. ఒక రోజు ఎడమ పక్క స్పీకరు మూగబోయింది. బాగుచేసే దుకాణంలో విడిభాగం రావాలంటూ తిప్పించారు, వారాలు గడిచాయి. ఇంట్లో ఉన్న స్టీరియో రికార్డులన్నీ ఒంటి స్పీకరులో సగం పాటలుగా మిగిలిపోవడంతో వినబుద్ధి కాలేదు. ఈ జంట పాటలు మోనో కాలానివి, రెండు స్పీకర్లలోనూ వచ్చేది ఒకే శబ్దం కాబట్టి ఏమీ కోల్పోనని వీటినే పెట్టుకున్నాను. ఏమీ కోల్పోకపోవడమే కాదు, అంతవరకు వినపడనిది వినపడింది. రెండు స్పీకర్ల మధ్య గాలిలో ఎక్కడో తేలినట్టుండే పాట ఇప్పుడు ఒకే చోటి నుంచి వస్తోంది. గొంతులు కుడి ఎడమలుగా కాక ముందు వెనుకలుగా సర్దుకున్నాయి. అన్నిటికన్నా ముందు స్పష్టంగా, చెవి పక్కనే పాడుతున్నట్టు ఒక మేరీ. ఆమె వెనుక కాస్త మసకగా రెండో మేరీ. ఇంకా వెనుక, సన్నని హిస్ శబ్దంలో కలిసిపోతూ మరొకరు. మళ్లీ మళ్లీ కాపీ అయ్యేకొద్దీ ముందు రికార్డు చేసిన వరుసలు పదును కోల్పోతాయి. అందుకే ప్రధానమైన వరుసను చివరికి ఉంచుకునేవారు. పాట తయారైన క్రమమే పాటకు లోతుగా మారిందని నాకు తెలిసింది అప్పుడే. యాంప్లిఫయరు బాగై వచ్చినా ఈ సీడీలను ఇప్పటికీ ఒంటి స్పీకరులోనే వింటాను.

ముందు వరుస అంత దగ్గరగా వినిపించడానికి మరో కారణం మైకు. గాయకులు మైకుకు ఎడంగా నిలబడి గొంతెత్తి పాడే కాలంలో లెస్ పాల్ ఆమెను కొద్ది అంగుళాల దూరంలో నిలబెట్టి, గొంతు పెంచకుండా పాడించాడు. 1951లో తొమ్మిది వారాలు అమెరికా పాటల ఆదరణను లెక్కించే బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి స్థానంలో నిలిచిన 'హౌ హై ద మూన్' ఎంత వేగంగా సాగినా అందులో ఆమె గొంతుకు తొందర ఉండదు. 1953 నాటి 'వాయా కాన్ డియోస్' నిదానమైన పాట కాబట్టి వరుసల మధ్య ఎడం ఇంకా బాగా తెలుస్తుంది. ఆమె ఒక పాదం ముగించగానే గిటారు చిన్న జవాబు చెప్పి తప్పుకుంటుంది. కచేరీలో గాయకుడు విడిచిన చోట వయొలిన్ అందుకున్నట్టుండే ఆ పొందిక నాకు ఈ సంకలనంలో అన్నిటికన్నా ఇష్టమైనది.

అయితే మొదట్లో మిత్రులకు చెప్పినంత ఉత్సాహంగా నాలుగు సీడీలనూ ఇప్పుడు సిఫారసు చేయలేను. టేపును నెమ్మదిగా తిప్పి రికార్డు చేసి, వేగం పెంచి వినిపించే ఆ సన్నని గిటారు శబ్దం మొదటిసారి అబ్బురంగా ఉంటుంది; వరుసగా అరగంట వింటే చెవికి బరువవుతుంది. ఎకో (ప్రతిధ్వని) కూడా చాలా పాటల్లో ఒకే మోతాదులో ఉంటుంది. ఎన్నుకున్న పాటల్లో కొన్ని చాలా తేలికపాటివి, మేరీ గొంతు లేకపోతే రెండోసారి వినాలనిపించవు. వాద్యసంగీతం మాత్రమే ఉన్న భాగాలను నేను ఇప్పుడు దాటవేస్తున్నాను. గిటారు నేర్చుకుంటున్న మా అన్నయ్య కొడుకు వాటినే ముందు పెట్టుకుంటాడు. ఇద్దరికీ ఒకే పెట్టె పనికొస్తోందంటే అది దాని గొప్పతనమే. 1958లో ఈ జంట క్యాపిటల్‌ను విడిచి కొలంబియా రికార్డుల సంస్థకు వెళ్లిన తరువాతి పాటలు కావాలనుకునేవారు మాత్రం వేరే చోట వెతుక్కోవాలి.

కొనాలా అని అడిగితే నా జవాబు నా పరిస్థితులకు లోబడినదే. నాది చిన్న గది, వినేది రాత్రి పూట తక్కువ శబ్దంలో, అదీ ఒక్క విడతలో నాలుగైదు పాటలకు మించి కాదు. గొంతు ప్రధానమైన సంగీతం మీద పెరిగి, హార్మనీలోకి ఎక్కడి నుంచి అడుగుపెట్టాలో తెలియనివారికి ఇంతకన్నా సులువైన దారి నాకు కనపడలేదు. జాజ్ గిటారును లోతుగా ఎరిగినవారికి నా అభిప్రాయం ఎంతవరకు ఉపయోగమో చెప్పలేను. నాలుగు సీడీల మీద ఖర్చు పెట్టే ముందు 'హౌ హై ద మూన్', 'వాయా కాన్ డియోస్' పాటలను ఎక్కడైనా వినండి. ఫోన్‌లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కాకుండా, వీలైతే ఒక్క స్పీకరులో, దానికి ఎదురుగా కూర్చుని వినండి.