ఒకే బేస్ గిటార్, పన్నెండేళ్ల తీగలు

నా చేతులకు చెమట ఎక్కువ. పైగా ఉండేది విశాఖలో, సముద్రానికి దగ్గర్లోనే. బేస్‌కి ఏ తీగలు వెయ్యాలని ఎవరడిగినా నేను బ్రాండ్ పేరు చెప్పను, ముందు వాళ్ల అరచేతులు చూస్తాను. పన్నెండేళ్లలో తీగల మీద నేను తగలేసిన డబ్బంతా ఈ చెమటకీ ఉప్పుగాలికీ పోయిందే.

గిటార్ మామూలు నాలుగు తీగలదే, 34 అంగుళాల స్కేలు, అంటే తీగలో మోగే భాగం పొడవు. ఆదివారం చర్చిలో, పెళ్లిళ్ల సీజన్‌లో ఆర్కెస్ట్రాలో వాయిస్తాను. అంతా వేళ్లతోనే, పిక్ నాకు అలవాటు కాలేదు.

మొదటి ఐదేళ్లూ డదారియో కంపెనీ ఈఎక్స్‌ఎల్ 170 సెట్ వాడాను. నికెల్ పూత ఉన్న రౌండ్‌వౌండ్ తీగలు, సైజులు 45, 65, 80, 100. అంటే అంగుళంలో అన్ని వెయ్యో వంతుల లావు. కొత్త సెట్ వేసిన రోజు గిటార్ పియానోలా ఖంగుమంటుంది. ఆ మోత కోసమే చాలామంది తీగలు మారుస్తారు, నేనూ అంతే. కానీ నా చేతుల్లో ఆ ఖంగు వారమే. మూడో వారానికి అన్నిటికన్నా లావైన ఇ తీగ గొంతు పూడుకుపోయేది. తప్పు తీగది కాదు. రౌండ్‌వౌండ్‌లో ఉక్కు తీగ చుట్టూ సన్నటి గుండ్రటి తీగ చుడతారు. ఆ చుట్ల సందుల్లో చెమట, జిడ్డు, దుమ్ము దూరి కూర్చుంటాయి. వాయించాక పొడిబట్టతో తుడవడం నాకు మూడేళ్లకు గానీ అలవాటు కాలేదు.

మరిగించడం కూడా చేశాను. తీగలు చుట్టచుట్టి గిన్నెలో వేసి పది నిమిషాలు మరిగిస్తే మురికంతా నీళ్లలోకి దిగుతుంది. "తీగలతో రసం పెడుతున్నావేంట్రా" అని మా అమ్మ నవ్వేది. మోత నిజంగానే తిరిగొస్తుంది, నాలుగైదు రోజులు. బాగా ఆరకుండా వేస్తే లోపలి ఉక్కు తుప్పు పడుతుంది. విప్పి బిగించిన ప్రతిసారీ, తీగను చుట్టి శ్రుతి చేసే కీ దగ్గర మలుపు బలహీనపడుతుంది. మూడోసారి మరిగించిన ఎ తీగ బిగిస్తుండగానే అక్కడే తెగింది. ఆ ముచ్చట అంతటితో సరి.

ఒకసారి చవగ్గా వస్తున్నాయని ఆన్‌లైన్‌లో ఎవరి దగ్గరో ఒక సెట్ కొన్నాను. పన్నెండో ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు పట్టీ) దగ్గర స్వరం కలవదు. బ్రిడ్జ్ మీద తీగ ఆనే చిన్న ముక్క, శాడిల్‌ని వెనక్కీ ముందుకీ జరిపి రెండు సాయంత్రాలు పాడుచేసుకున్నాక అర్థమైంది, తీగే సమంగా లేదని. అమ్మినవాడు తిరిగి తీసుకోలేదు.

తర్వాత స్టీలు రౌండ్‌వౌండ్. రోటోసౌండ్ కంపెనీ స్వింగ్ బేస్ 66 పేరు వినే ఉంటారు. ది హూ బ్యాండ్ బేసిస్టు జాన్ ఎంట్విసిల్ 1966లో ఆ కంపెనీతో కూర్చుని తనకు కావలసిన మోత రాబట్టుకున్నాడు, రాక్ బేస్ గర్జన అక్కడినుంచే ఊపందుకుంది. బొటనవేలితో తీగను కొట్టి వాయించే స్లాప్‌కి ఇలాంటి తీగలే కావాలి. కాకపోతే ఏ కంపెనీవైనా స్టీలు తీగలు నికెల్ వాటికన్నా గరుకు. రెండేళ్లకు నా గిటార్ మూడో ఫ్రెట్, ఐదో ఫ్రెట్ మీద గాట్లు పడి, ఫ్రెట్లు అరగదీయించాల్సి వచ్చింది.

చెమట, మురికి దూరకుండా పైన సన్నటి పొర పూసిన తీగలు ఒక సెట్ వాడాను. మూడు నెలలు ఆగాయి. నా వేళ్ల కింద జారుడుగా అనిపించి మళ్లీ కొనలేదు.

నాలుగేళ్ల కింద ఫ్లాట్‌వౌండ్‌కి వచ్చాను. డదారియో క్రోమ్స్, ఈసీబీ 81. సైజులు ఈఎక్స్‌ఎల్ 170వే, ధర దాదాపు రెట్టింపు. వీటికి పైన చుట్టేది గుండ్రటి తీగ కాదు, చదునైన రిబ్బన్. మురికి దూరే సందే ఉండదు. సైజు ఒకటే అయినా టెన్షన్, అంటే తీగ బిగువు, ఎక్కువ. మొదటి వారం ఎడమచేతి చిటికెనవేలు లాగేసింది, గిటార్ మెడ (నెక్) కొంచెం వంగింది. ఒకరోజు ఆగి, నెక్ లోపల దాని వంపు సరిచేసే ఇనుప కడ్డీ, ట్రస్ రాడ్, పావు చుట్టు బిగిస్తే సర్దుకుంది. కొత్తలో ఇవీ కాస్త మెరుపుగానే మోగుతాయి. రెండు నెలలకు ఆ మెరుపు పోయి గుండ్రటి, బరువైన స్వరం దిగింది. నాలుగేళ్లయినా అది అక్కడే ఉంది.

మా చర్చి హాలు కాంక్రీటు, ప్రతి శబ్దమూ గోడలకు కొట్టుకుని తిరిగొస్తుంది. సన్నగా పాడే పాటలో వేలు జరిపితే వచ్చే కీచుమనే చప్పుడు ఇప్పుడు లేదు. మైకులు చూసుకునే తమ్ముడు నా ఛానల్‌లో ట్రెబుల్ తగ్గించడం మానేశాడు. ఆర్కెస్ట్రాలో ఎనభైల నాటి ఇళయరాజా పాటలకు ఈ తీగలు మరీ ఇష్టం, ఆ పరుగులు పెట్టే బేస్ లైన్లలో వేలు ఆగకుండా జారుతుంది.

అమెరికా రికార్డు కంపెనీ మోటౌన్ పాటల బేసిస్టు జేమ్స్ జేమర్సన్ తన 1962 ఫెండర్ ప్రెసిషన్ బేస్ మీద లా బెల్లా కంపెనీ ఫ్లాట్‌వౌండ్ వేసి, తెగితే తప్ప మార్చేవాడు కాదంటారు. నేను అంత దూరం పోలేదు గానీ ఆ మాట అర్థమవుతోంది.

ఇక బాధ. ఒక పెళ్లిలో కుర్రాళ్లు హుషారు పాట అడిగారు. స్లాప్ కొట్టాను. గోనెసంచి మీద బాదినట్టు వచ్చింది. స్లాప్, గర్జన కావాలంటే ఈ తీగలు వద్దు, అంతే.

బిగించేటప్పుడు రెండు జాగ్రత్తలు. తీగను వెంటనే కత్తిరించకండి. ముందు గట్టిగా మడిచి, ఆ మడత అవతల కత్తిరిస్తే చుట్టు వదులవదు. ఫ్లాట్‌వౌండ్ అయితే చివర సిల్కు దారం చుట్టిన సన్నటి భాగమే కీకి చుట్టుకోవాలి, లావు భాగం మలిస్తే విరుగుతుంది. కాబట్టి కొనేముందు స్కేలు సరిచూసుకోండి. 30 అంగుళాల గిటార్‌కి లాంగ్ స్కేల్ (34 అంగుళాల) సెట్ కొని, ఆ లావు భాగాన్నే కీకి చుట్టినవాళ్లు నాకు తెలుసు.

విప్పని ఈఎక్స్‌ఎల్ 170 సెట్ ఒకటి గిటార్ పెట్టెలో ఉంది. మాఘమాసం పెళ్లిళ్లకు అది వెయ్యమని మా కీబోర్డు అన్నయ్య పోరుతున్నాడు. కుదురుకున్న ఫ్లాట్‌వౌండ్ విప్పాలంటే నాకు చెయ్యి రావడం లేదు. సెకండ్‌హ్యాండ్‌లో ఇంకో బేస్ దొరుకుతుందేమో చూస్తున్నాను.