జీక్యాంప్6ఎస్: వెలుగు ఎక్కువైతే నమ్మకండి

నిన్న చూసిన నాడీకణాన్నే వచ్చే వారం కూడా చూడగలగడం: నాడీకణాల స్పందనను వెలుగుగా చూపే జీక్యాంప్6ఎస్ అనే ప్రోటీన్‌ను ఇన్నేళ్లుగా నేను వదలకపోవడానికి కారణం ఇదొక్కటే. నాడీకణం స్పందించినప్పుడు దానిలో కాల్షియం పెరుగుతుంది. ఆ కాల్షియం అంటుకోగానే ఈ ప్రోటీన్ ఆకుపచ్చ వెలుగు పెరుగుతుంది. అంతకుముందు వాడిన ఫ్లూవో-4 వంటి రసాయన రంగులను కణాల్లోకి ఎక్కిస్తే కొన్ని గంటల్లో బయటికి జారిపోయేవి. ఇక్కడ వైరస్ అందించిన జన్యువును చదివి కణమే ప్రోటీన్‌ను తయారుచేసుకుంటుంది. రక్తనాళాల ఆనవాళ్లు పట్టుకుని వెళ్తే, బతికున్న మెదడు లోపలి కణాలను లేజరుతో చూపే టూ-ఫోటాన్ మైక్రోస్కోపు కింద పాత కణం మళ్లీ దొరుకుతుంది. చుండెలుక కొత్త పని నేర్చుకునే కొద్దీ ఒకే కణం తన స్పందనను మార్చుకోవడం చూడటంలో ఉన్న ఆనందం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

ఇబ్బంది పెట్టింది కూడా ఆ వెలుగే. ఒక దీర్ఘకాల ప్రయోగంలో చిత్రాలు వారం వారం ప్రకాశవంతమవుతూ వచ్చాయి. సంకేతాలు మాత్రం చదునుబడ్డాయి. ఉద్దీపన ఇచ్చినప్పుడు గ్రాఫులో నిటారుగా లేవాల్సిన గీత కొద్దిగా పైకి లేచి, ఎంతసేపటికీ కిందికి దిగేది కాదు. లేజరు శక్తి కొలిచాం, డిటెక్టరు పరీక్షించాం, పుర్రెపై అమర్చిన గాజు మసకబారిందేమోనని చూశాం. అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి మొదటి వారం చిత్రాన్నీ తాజా చిత్రాన్నీ పక్కపక్కన పెట్టాకే విషయం తేలింది. ఆరోగ్యంగా ఉన్న కణం ఉంగరంలా వెలగాలి. ప్రోటీన్ కణద్రవంలోనే ఉంటుంది కాబట్టి మధ్యలో కేంద్రకం నల్లగా కనిపించాలి. మా చిత్రంలో చాలా ఉంగరాలు నిండు బిళ్లలైపోయాయి. అంటే ప్రోటీన్ కేంద్రకంలోకీ చొరబడింది, ఆ కణాలు ఆరోగ్యంగా లేవు.

కారణం ప్రోటీన్ నిర్మాణంలోనే ఉంది. కాల్షియాన్ని పట్టుకునే భాగం కాల్‌మోడ్యులిన్. అది కణం రోజువారీ పనులకు వాడుకునే ప్రోటీన్ కూడా. జీక్యాంప్ మోతాదు మించితే కణంలోని కాల్షియాన్ని అదే మింగేస్తుంది. కణంలోకి కాల్షియాన్ని రానిచ్చే ద్వారాలైన ఎల్-రకం కాల్షియం ఛానళ్ల పనిలోనూ జోక్యం చేసుకుంటుంది. దీన్ని సరిదిద్దాలనే 2018లో జీక్యాంప్-ఎక్స్ అనే సవరించిన రకం వచ్చింది. మేము మాత్రం వైరస్‌ను బాగా పలుచన చేశాం, కేంద్రకం నిండిన కణాలను లెక్కలోంచి తీసేశాం, రికార్డింగు గడువు కుదించాం. చిత్రాలు మసకగా వస్తున్నాయి, సంకేతాలు మాత్రం నమ్మదగినవి. కాబట్టి పైన అన్న మాటను కొంచెం సవరించాలి: వారాల తర్వాత అదే కణం దొరుకుతుంది, అది అదే స్థితిలో ఉందో లేదో ప్రతిసారీ చూసుకోవాలి.

నా కణాలు నెమ్మదిగా స్పందించే రకం. అందుకే దీని వెలుగు తాపీగా దిగినా నాకు నష్టం లేదు. బలహీనమైన సంకేతాన్నీ వదలకుండా పట్టే గుణమే నాకు ముఖ్యం. ఇంటర్‌న్యూరాన్లు అనే నాడీకణాల్లో వేగంగా సంకేతాలు పంపే రకాలుంటాయి, వాటిలో ఒక్కో స్పైకునూ (క్షణికమైన విద్యుత్ సంకేతాన్నీ) విడదీయాలంటే ఇది సరిపోదు. 2013 నాటి ఈ తరం కంటే ఇదే కుటుంబంలో 2023లో ప్రచురితమైన జేజీక్యాంప్8 రకాలు చాలా చురుకైనవి. పాత దత్తాంశంతో పోలిక చెడకూడదని నేను మారలేదు. ఇప్పుడే మొదలుపెట్టేవారికి ఆ బంధం లేదు కాబట్టి 8తోనే మొదలుపెట్టమంటాను. కాల్‌మోడ్యులిన్ అందులోనూ ఉంది, కేంద్రకాలను గమనించడం మానకండి.