వేసవిలో హీరాకుడ్ ప్యాకేజీ కొనేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు మన తెలుగువాళ్లు పిల్లల సెలవులకి సంబల్‌పూర్ దగ్గర మహానది మీదున్న హీరాకుడ్ డ్యామ్ చూడ్డానికి టూర్ ప్యాకేజీలు బుక్ చేస్తున్నారని విని రాస్తున్నాను. పోయిన మే నెలలో మేము వెళ్లి నిలువునా మోసపోయాం.

ఏజెంటు వాట్సాప్‌లో పంపిన ఫొటోలు చూస్తే ఎవరైనా పడిపోతారు. గేట్లు ఎత్తేస్తే నురగలు కక్కుతూ దూకుతున్న మహానది, గది బాల్కనీ కిందే నీళ్లు. "ఇవన్నీ చూపిస్తాం సార్, బోటు షికారు కూడా ఇందులోనే" అని ఆరుగురికి 27,000 ముందే కట్టించుకున్నాడు. తీరా రాత్రంతా రైల్లో కూర్చుని సంబల్‌పూర్ చేరి, గది తలుపు తీస్తే ఎదురుగా నెర్రెలిచ్చిన బురద, దాంట్లో నాలుగు గేదెలు, ఒక పక్కకి ఒరిగి ఎండిపోతున్న పడవ. నీళ్లు ఎక్కడో దూరంగా సన్నటి గీతలా తళతళమంటున్నాయి. మా అత్తయ్య కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూసి "చెరువేదీ బాబూ?" అంది.

డ్యామ్‌ని ఏమీ అనడానికి లేదు. దాన్ని కట్టిందే మహానది వరదల్ని ఆపడానికి, 1957లో నెహ్రూ ప్రారంభించిన దగ్గర్నుంచి దాని ముఖ్యమైన పని అదే. వానల్లో వచ్చే నీటికి చోటుండాలి కాబట్టి వానాకాలం ముందు మట్టం బాగా దిగిపోయి ఉంటుంది, వరదల జోరు తగ్గాక 630 అడుగుల పూర్తి మట్టం దాకా నింపుకొస్తారు. గేట్లు ఎత్తేది కూడా వానాకాలంలో వరద వచ్చినప్పుడే. మరి మే నెలలో గేట్లు చూపిస్తానన్నవాడికి ఈ సంగతి తెలియదా? భేషుగ్గా తెలుసు.

డబ్బులు అడిగితే బిల్లు చూసుకోమన్నాడు. అడుగున చీమ తలకాయంత ఒడియా అక్షరాలు. మనం ఒడియా గడగడా మాట్లాడేస్తాం గానీ చదవమంటే తెల్లమొహమే కదా. ఆరో తరగతి ఒడియా మీడియంలో చదువుతున్న మా అమ్మాయే కూడబలుక్కుని చదివింది: నీటి మట్టాన్ని బట్టి బోటింగ్ ఉండకపోవచ్చు, డబ్బు వాపసు లేదు. కట్టే ముందే దానిచేత చదివిస్తే ఏం పోయేది!

డ్యామ్ పక్కనున్న జవహర్ మినార్ అనే టవర్ ఎక్కి చూస్తే మాత్రం, 4.8 కిలోమీటర్ల ఆ కట్ట, ఆ గాలి... అబద్ధం చెప్పను, బాగుంది. దానికి ప్యాకేజీ అక్కర్లేదు, సొంతంగా వెళ్లొచ్చు. కొనాలనుకుంటే ఈ వారం తీసిన వీడియో అడగండి, ఫొటోలు నమ్మొద్దు. బోటు డబ్బులు అక్కడికెళ్లి పడవ కళ్లతో చూశాకే ఇవ్వండి.

మొన్న మళ్లీ ఫోన్ చేశాడు, దసరాకి రండి సార్, మీకు డిస్కౌంట్ ఇస్తాను అని.