1939 రూపాయి, ‘సైనికుల చిల్లుకాణీలు’ అమ్ముతున్నవాళ్లతో జాగ్రత్త

రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ ఇండియా నాణేలు సేకరించేవాళ్లు ఇది తప్పక చదవండి. ‘వార్ సెట్’ అని ఆన్‌లైన్‌లో పెట్టిన ఒక అమ్మకందారు దగ్గర నేను 42,000 రూపాయలకు ఒక సెట్ కొన్నాను. ఆ ధరకు కారణం అందులోని ఒకే నాణెం, 1939 ఆరో జార్జి రూపాయి. అది నకిలీ. డబ్బు వాపసు అడిగిన రోజు నుంచి అవతల ఫోన్ ఎత్తడం లేదు.

1939 రూపాయికి అంత గిరాకీ ఎందుకంటే, 91.7 శాతం వెండితో 11.66 గ్రాములు తూగే పాత రూపాయల వరసలో అదే ఆఖరు. యుద్ధం రాగానే వెండికి కరువొచ్చింది. 1940 నుంచి రూపాయిలో వెండిని 50 శాతానికి తగ్గించి 40 శాతం రాగి, చెరో 5 శాతం నికెల్, జింకు కలిపారు. కాగితపు రూపాయి నోటునూ ఆ ఏడాదే మళ్లీ తెచ్చారు. 1939 తేదీ ఉన్న రూపాయలు ఇప్పుడు మిగిలినవి బాగా తక్కువ, అందుకే మోసగాళ్ల కన్ను దానిమీదే ఉంటుంది.

నాకు పంపింది 1938 రూపాయి. అందులో 8ని చెక్కి 9గా మార్చారు. తూకం వేస్తే ఈ మోసం బయటపడదు, ఎందుకంటే 1938 రూపాయిదీ అదే వెండి, అదే బరువు. నీళ్లలో తూచి సాంద్రత చూసినా రెండింటికీ ఘన సెంటీమీటరుకు 10.3 గ్రాముల దగ్గరే వస్తుంది. పట్టించేది భూతద్దం ఒక్కటే. నా నాణెంలో 1, 9, 3 అంకెలు వాడకంతో అరిగి గుండ్రబడ్డాయి, చివరి అంకె అంచులు మాత్రం పదునుగా ఉన్నాయి. దాని చుట్టూ లోహం రంగు వేరు, సన్నటి గీతలు కూడా కనిపిస్తున్నాయి. ప్రకటనలో పెట్టిన ఫొటో ఈ నాణేనిది కానే కాదు. కాబట్టి తేదీని దగ్గరగా, పక్క వెలుతురులో వీడియో తీసి పంపమనండి. పంపనంటే అక్కడితో ఆపేయండి.

ఇక ఆ సెట్‌లోని చిల్లుకాణీలు, అంటే మధ్యలో చిల్లున్న చిన్న చిల్లర నాణేలు. బర్మా యుద్ధరంగంలో సైనికులు తాడుకు గుచ్చి మెడలో వేసుకోవడానికి ప్రత్యేకంగా కొట్టారని చెప్పి వాటికి ఎక్కువ ధర వేశారు. ఇది పూర్తిగా కల్పించిన కథ. యుద్ధంలో రాగి కొరత వచ్చి, దాదాపు 5 గ్రాములుండే కాణీని 1943లో చిల్లు పెట్టి 2 గ్రాములకు తగ్గించారు. దేశమంతా సంతల్లో, బజార్లలో నడిచిన చిల్లర అది. చిల్లర డిమాండ్ తట్టుకోలేక ఆ ఏడాదే లాహోర్‌లో టంకశాల మొదలుపెట్టారు, అక్కడి నాణేలపై ‘ఎల్’ అక్షరం ఉంటుంది. బర్మా కోసం ప్రత్యేకంగా వచ్చినవి నోట్లు. భారత నోట్ల మీదే బర్మా సైనిక పాలన ముద్ర కొట్టి 1945లో వాడారు. ఇంత గొప్ప అసలు చరిత్ర ఉండగా అబద్ధపు కథ అంటగట్టి అమ్మడం చూస్తే కడుపు మండుతుంది. పైగా కాణీలను యాసిడ్‌తో తోమి మెరిపించారు, ఎనభై ఏళ్ల రంగు పోయింది. ఇక అది తిరిగి రాదు.

పులి బొమ్మ ఉన్న 1947 రూపాయిని కూడా ‘వెండి’ అని రాశారు. అది స్వచ్ఛమైన నికెల్, అయస్కాంతానికి అతుక్కుంటుంది.

ఇంకో విషయం. కొన్నాక మరో నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. మీ దగ్గరున్న చిల్లుకాణీని రిజర్వ్ బ్యాంకు తరఫున లక్షలిచ్చి కొంటాం, ముందు టాక్స్ కట్టండి అన్నారు. పాత నాణేల కొనుగోలుతో తమకు సంబంధం లేదని, కమిషన్లు అడగబోమని రిజర్వ్ బ్యాంకు 2021లోనే ప్రకటన ఇచ్చింది. నా నంబర్ వాళ్లకు ఎలా చేరిందో ఊహించుకోండి.

సైబర్ క్రైమ్ నంబర్ 1930కి ఫిర్యాదు చేశాను. ‘వార్ సెట్’ పేరుతో ఇలాంటి రూపాయి మీకూ వచ్చి ఉంటే నాణెం, కవరు, డబ్బు పంపిన రసీదు పారేయకుండా మీరూ ఫిర్యాదు పెట్టండి. ఎక్కువమంది నుంచి వెళితే కేసు కదులుతుంది.