గోపాలపురం బస్తీలో మా పట్టా, మా ఇల్లు: ఒక తాపీ మేస్త్రీ మాట

ముందే చెప్పేస్తాను. బస్తీలవాళ్ళకు వాళ్ళున్న స్థలం మీదే హక్కిచ్చే జాగా మిషన్ కింద ఒడిశా ప్రభుత్వం ఇచ్చిన పట్టాకు నేను అయిదుకి అయిదు మార్కులు వేస్తాను. దాని మీద ఇల్లు కట్టుకోవడానికి డబ్బులు ఇచ్చే పద్ధతికి మాత్రం మూడే.

మాది గంజాం జిల్లా గోపాలపురం. సముద్రం ఒడ్డున తెలుగు మత్స్యకారుల బస్తీ. నాన్న వేటకెళ్ళేవాడు. నాకు సముద్రం పడలేదు, బరంపురం వెళ్ళి తాపీ పని నేర్చుకున్నాను. ఇరవై ఏళ్ళు ఊరందరికీ ఇళ్ళు కట్టి నేను రేకుల కింద ఉన్నాను. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను మా ఊరి దగ్గరే తీరం దాటింది. తిరిగొచ్చి చూస్తే గోడలున్నాయి, పైన రేకుల్లేవు. మళ్ళీ రేకులే వేశాను. కట్టడం చేతకాక కాదు. స్థలం మాది కాదు. రేపు లేవమంటే లేవాల్సిన చోట స్లాబ్ ఎవరు పోస్తారు?

2017లో మురికివాడల వాళ్ళకు భూమి హక్కు ఇచ్చే చట్టం వచ్చింది. (చట్టంలో ఆ మాటే ఉంది. నాకది ఇష్టం లేదు, మేం బస్తీ అనే అంటాం.) మరుసటి ఏడాది జాగా మిషన్ మొదలైంది. డ్రోన్‌తో పైనుంచి ఫోటోలు తీశారు, కుర్రాళ్ళు ఇంటింటికీ వచ్చి కొలతలు రాసుకున్నారు. పేదవాళ్ళకి 30 చదరపు మీటర్ల వరకు ఉచితం, అంటే దాదాపు 36 గజాలు. పట్టా భార్యాభర్తలిద్దరి పేరు మీద ఇస్తారు. మా ఆవిడ పేరు ఒక భూమి కాగితం మీద ఉండటం మా రెండు కుటుంబాల్లో అదే మొదటిసారి. ఆ రోజు ఆమె కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి బియ్యం డబ్బాలో దాచింది.

పేదల ఇళ్ళంటే ఊరి బయట నాలుగంతస్తుల ఫ్లాట్లు కట్టడమే అనుకుంటారు చాలామంది. మూడో అంతస్తులో వల ఎక్కడ ఆరేస్తారు? తెల్లవారుజామున తెప్ప ఒడ్డుకి వచ్చే వేళకి ఆడవాళ్ళు గంపలతో ఎలా చేరతారు? ఇక్కడ మమ్మల్ని కదపలేదు. కాళ్ళ కింద నేల మాదని రాసిచ్చారు, ఇల్లు మేమే కట్టుకున్నాం. పట్టా వచ్చాక మా వీధిలో నన్ను పనికి పిలిచినవాళ్ళంతా అడిగింది ఒకటే, స్లాబ్‌కి ఎంతవుతుందని. అంతకుముందు అందరూ రేకుల ధరే అడిగేవాళ్ళు.

ఈ పట్టా వారసులకు వస్తుంది కానీ అమ్మడానికి వీల్లేదు. కొందరికి అది కోపం. నేను మాత్రం అదే మంచిదంటాను. సముద్రానికి ఎదురుగా ఉన్న నేల ఇది. అమ్ముకోనిస్తే, వేట సరిగా సాగని ఒక్క ఏడాది చాలు, సగం వీధి హోటళ్ళవాళ్ళ చేతికి పోయేది. ఇంటి లోను కోసం తాకట్టు పెట్టుకోవచ్చని చట్టంలోనే ఉంది.

ఇక డబ్బుల సంగతి. మేం కట్టుకున్నప్పుడు ప్రధానమంత్రి ఆవాస్ అనే ఇళ్ళ పథకం కింద కేంద్రం లక్షన్నర, రాష్ట్రం యాభై వేలు ఇచ్చాయి. పని ఎంతవరకు లేస్తే అంతవరకు ఫోటో తీసి విడతలుగా వేస్తారు. అంటే పునాది డబ్బు ముందు మన జేబులోంచే రావాలి. నా కూలీ నాకే మిగిలింది కాబట్టి నెట్టుకొచ్చాను. పక్కింటివాళ్ళు వడ్డీకి తెచ్చారు, ఆ ఇల్లు తలుపుల పైన వేసే లింటల్ దగ్గర ఆగి రెండు వానాకాలాలు తడిసింది. మొదటి విడత డబ్బుగా కాకుండా సిమెంటు, ఇనుముగా ఇస్తే ఈ బాధ తప్పేది. మా ఒడ్డున అక్టోబరులో తుఫాన్లొస్తాయి, కనీసం ఆ లెక్కైనా చూసి విడతలు వేయాలి.

30 చదరపు మీటర్లు చిన్నదే. ఒక గది, వంటిల్లు, బాత్రూం అంతే. అందుకే నేను కట్టిన ప్రతి ఇంటికీ పిల్లర్ల చువ్వలు పైకి వదిలాను, రేపు కొడుక్కి పెళ్ళైతే మేడ లేపుకోవడానికి. ఇంకో మాట. ఎదురుగా ఉంది కదా అని సముద్రపు ఇసుక కలపకండి. ఉప్పు చువ్వల్ని తినేస్తుంది, నాలుగేళ్ళకే స్లాబ్ పెచ్చులూడుతుంది. ఖర్చైనా ఋషికుల్య నది ఇసుకే తెప్పించాను.

మొదట్లో ఈ చట్టం బరంపురం లాంటి కార్పొరేషన్లకు లేదు, తర్వాత మార్చారు. అక్కడ బస్తీలో ఉండే మా పెద్దమ్మ పట్టా ఎలా తెచ్చుకోవాలని ఇప్పుడు నన్ను రోజూ ఫోన్‌లో అడుగుతోంది. ఆమెకి నేను చెప్పేది పేరు గురించే. ఒక ఇంటర్నెట్ సెంటర్లో నా పేరు ఒడియాలో కొట్టేటప్పుడు ఒత్తు ఎగిరిపోయింది. ఆధార్లో ఒక మనిషి, ఓటరు కార్డులో ఇంకో మనిషి అయ్యాను. అఫిడవిట్ అంటూ మూడు నెలలు తిరిగాను, ఆ టెన్షన్‌లో ఎన్ని రోజుల కూలి పోయిందో. పెద్దమ్మా, కొలతలవాళ్ళు రాకముందే నీ కార్డులన్నీ పక్కపక్కన పెట్టి, ఒడియా చదవడం వచ్చినవాళ్ళ చేత పేరు అక్షరం అక్షరం చదివించుకో.